పొర కింది జిగురు, పొర మీది మచ్చ

గిటార్ కిట్ తెప్పించుకునేవాళ్లు ముందుగా భయపడేది వైరింగ్ గురించి. టంకం నిలుస్తుందా, పికప్ తీగలు తారుమారవుతాయా అని. ఆ తర్వాత మెడ బిగింపు గురించి. ఈ రెండు పనులూ ఎలాగో ఒక దారికి వస్తాయి. తప్పు చేస్తే విప్పి మళ్లీ చేసుకోవచ్చు. విప్పడానికి వీల్లేని పని ఒక్కటే, రంగు. నీలం డైలో ముంచిన గుడ్డతో గిటార్ ముఖానికి అతికించిన మేపుల్ పొర మీద ఒక్కసారి తుడవగానే చెక్కంతా నీలమవుతుంది. అక్కడక్కడ మాత్రం చుక్కలు, చారలు, ఒక్కోసారి ఎవరిదో వేలిముద్ర, పాలిపోయి అలాగే ఉండిపోతాయి. మళ్లీ రంగు పూస్తే చుట్టుపక్కల చెక్క ఇంకాస్త ముదురుతుంది, మచ్చ ఇంకాస్త కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కర్మాగారంలో పొరను అతికించిన రోజునే పడిన జిగురు అది. రంగు పడేదాకా కంటికి ఆనలేదు, అంతే.

ఈ తంటా గిటార్‌తో పుట్టింది కాదు. మామూలు చెక్క మీద మేలురకం చెక్కను పలుచటి పొరగా అతికించే విద్య ప్రాచీన ఈజిప్టు నాటిది. టూటన్‌ఖామున్ సమాధిలో దొరికిన పెట్టెల మీదా ఆ పని కనిపిస్తుంది. మన వైపు చూస్తే పలమనేరు, పుంగనూరు, మదనపల్లె ఇళ్లలో వార్డ్‌రోబ్ తలుపులకు టేకు వెనీర్ కొట్టిన వడ్రంగులకూ, దానికి పాలిష్ పట్టిన మేస్త్రీలకూ ఈ మచ్చ బాగా తెలుసు. కాకపోతే టేకుకు పట్టే పాలిష్ టేకు రంగులోనే ఉంటుంది కాబట్టి మచ్చ సగం దాగిపోతుంది. గిటార్ కిట్‌లో అలా కుదరదు. దాదాపు తెల్లగా ఉండే మేపుల్ మీద నీలమో, ఎరుపో, ఆకుపచ్చో వేయాలని కొనేవాడి కోరిక. చిన్న తప్పును పెద్దదిగా చూపించడానికి ఇంతకు మించిన ఏర్పాటు ఉండదు.

గంగవరంలో కూర్చుని దీని గురించి ఆలోచించడానికి కారణం లేకపోలేదు. పలమనేరును ఆనుకొని ఉన్న ఈ ఊరికి హైదరాబాద్ కంటే, విజయవాడ కంటే బెంగళూరే దగ్గర. కుప్పం వాళ్లయితే రైలెక్కి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొస్తారు. చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన కుర్రాళ్లు గిటార్ మోజుతో తిరిగి రావడం మామూలే. మంచి గిటార్ ధర చూసి వెనక్కి తగ్గినవాళ్లకు కిట్ ఒక దారి. పెట్టె విప్పితే గాడులు కోసిన మొద్దు, మెడ, పికప్‌లు, మరలు, తంతులు అన్నీ ఉంటాయి. లేనిది రంగు ఒక్కటే.

కిట్ వెనుక రెండు అమెరికన్ కంపెనీల వారసత్వం ఉంది. మెడను మరలతో బిగించే సులువు లియో ఫెండర్ 1950 ప్రాంతంలో బజారుకు తెచ్చిన గిటార్లది. ఆ పద్ధతి లేకపోతే ఇంట్లో గిటార్ కట్టడమనే మాటే ఉండేది కాదు. పైకి కనిపించే సోకు మాత్రం గిబ్సన్‌ది. 1958 నుంచి 1960 దాకా వచ్చిన లెస్ పాల్ గిటార్ల మీద ఎర్రటి అంచుల నడుమ మంటల్లా ఆడే మేపుల్ చారలు కనిపిస్తాయి, ఇప్పటికీ గిటార్ అంటే చాలామంది కళ్లలో మెదిలేది ఆ బొమ్మే. గిబ్సన్ వాడింది దళసరి మేపుల్ పలక, దాన్ని వంపుగా చెక్కారు. కిట్ ధరకు అది గిట్టదు. అందుకే బాస్‌వుడ్ లాంటి మెత్తటి, సాదా చెక్కతో మొద్దు చేసి, దాని మీద అర మిల్లీమీటరు మందంలో చారల మేపుల్ పొర అతికిస్తారు. ఆ అర మిల్లీమీటరులోంచి కూడా ఉప్పు కాగితం కొంత తినేశాకే పెట్టె మన ఇంటికి వస్తుంది.

గిబ్సన్ చరిత్రలోనే ఇంకో ముచ్చట ఉంది, దాన్ని కిట్ అమ్మేవాళ్లు చెప్పరు. 1952లో లెస్ పాల్ మొదలైనప్పుడు దాని ముఖం బంగారు రంగు పూతతో వచ్చింది. ఆ పూత కింద చాలా గిటార్లలో ఒకదానికొకటి పొంతన లేని మేపుల్ ముక్కలుండేవి. చెక్క కనపడేలా పారదర్శకమైన రంగు వేయాలని 1958లో నిర్ణయించాకే జత కుదిరే పలకలు ఏరుకోవాల్సి వచ్చింది. అంటే ఎంత పేరున్న కంపెనీకైనా లెక్క ఒకటే: చెక్కను చూపించాలంటే ఏరుకోవాలి, ఏరుకోలేకపోతే కప్పాలి.

తెలుగు నేల మీద చెక్కపని చేసేవాళ్లు ఈ లెక్కను ఎప్పుడో తేల్చుకున్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసే వీణకు కుండనూ దండినీ ఒకే పనస మానులోంచి తొలుస్తారు. చెక్క కనపడటమే అక్కడ అందం, అందుకని చూపు పడే చోట అతుకు పెట్టరు. మెట్లను నిలబెట్టే మైనం కూడా వేడి చేస్తే వదిలేదే. కొండపల్లిలో దీనికి పూర్తిగా ఎదురు. తెల్లపొణికి కొయ్యతో చెక్కిన కాళ్లు, చేతులు, తలలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, అదే మక్కుతో ఎత్తుపల్లాలు దిద్దుతారు. బొమ్మ నిండా జిగురే. కానీ తెల్లపూత వేసి, దాని మీద దట్టమైన రంగులు వేస్తారు కాబట్టి ఆ జిగురు ఎవరికీ కనపడదు, కనపడాల్సిన పనీ లేదు. ఏటికొప్పాకలో ఇంకో దారి. అంకుడు కొయ్య తరిమెన మీద తిరుగుతుంటే రంగు కలిపిన లక్కను దానికి ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్య మీద పొరలా పరుచుకుంటుంది. రంగు చెక్కలోకి ఇంకదు, చెక్క మీద నిలుస్తుంది.

గిటార్ కిట్ ఈ మూడు దారుల్లో దేన్నీ పట్టలేదు. కొండపల్లిలా జిగురు వాడుతుంది, బొబ్బిలిలా చెక్క చూపించాలంటుంది, రంగేమో చెక్కలోకి ఇంకాలంటుంది. నా ఉద్దేశంలో మచ్చ పుట్టేది ఈ మూడు కోరికలూ ఒకచోట చేరడం వల్లే. చేసినవాడి చెయ్యి ఎంత శుభ్రమైనదైనా ఆ ప్రమాదం పోదు. అందుకే మచ్చను ఎలా తీయాలన్నదానికంటే ఈ మూడింటిలో ఏ కోరికను వదులుకోవాలన్నది సరైన ప్రశ్న అనిపిస్తుంది. వదులుకోవాల్సింది మూడోది. ఎందుకో చెప్పాలంటే మచ్చ పుట్టే తీరును కాస్త వివరంగా చూడాలి.

జిగురు ఎలా పైకొస్తుంది

మామూలు మేపుల్‌లో నారపోగులు పలకకు సమాంతరంగా సాగుతాయి. చారల మేపుల్‌లో అవి అలలుగా సాగుతాయి. అలలాంటి చెక్కను తిన్నగా కోస్తే ఒకచోట పోగుల పక్కభాగం, దాని పక్కనే పోగుల తెగిన కొసలు పైకి వస్తాయి. పక్కభాగం రంగును తక్కువ తాగుతుంది, తెగిన కొసలు ఎక్కువ తాగుతాయి. మనం మంటలని మెచ్చుకునే వెలుగునీడలు అలా వస్తాయి. ఇప్పుడు మందం సంగతి చూడండి. గట్టి చెక్కల నారపోగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. పొర మందం అందులో సగం. చెక్కలో నీరు పారిన నాళాలైతే పోగులకంటే ఎన్నో రెట్లు పొడవు. పోగు కాస్త ఏటవాలుగా నిలబడ్డ చోటల్లా పొర కింది నుంచి పైదాకా తెరిచిన గొట్టం తయారైనట్టే. కింద తడి జిగురు, పైన ప్రెస్ ఒత్తిడి. జిగురు ఇంకెటు పోతుంది? చారలు ఎంత అందంగా ఉంటే జిగురు పైకి రావడానికి అంత అనువు. సాదా మేపుల్ పొరతో ఈ గొడవ తక్కువ, వేరుముడి చెక్క పొరతో ఇంకా ఎక్కువ.

ఏ జిగురు అన్నదీ ముఖ్యమే. మన వడ్రంగులందరూ వాడే తెల్ల జిగురు పాలీవినైల్ అసిటేట్ రకం. 1959లో వచ్చిన ఫెవికాల్ మన దేశంలో ఆ జాతి మొత్తానికీ పేరైపోయింది. అందులో దాదాపు సగం నీళ్లే. ఆరేలోపు ఆ నీళ్లు చెక్క నాళాల్లోకి లాగబడుతూ జిగురును వెంట తీసుకుపోతాయి. ఆరాక మిగిలే పారదర్శకమైన పొర నాళాల నోళ్లు మూసేస్తుంది, నీళ్లలోనో స్పిరిట్‌లోనో కలిసిన డై అక్కడ ఇంకడానికి దారి ఉండదు. ఈ జిగురుకు వేడి తగిలితే మెత్తబడే గుణం ఉంది. అది ఒక రకంగా మేలు, ఇంకో రకంగా కీడు.

పెద్ద కర్మాగారాల్లో యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో, వేడి ప్రెస్‌లో పని చేస్తారు. అది ఒకసారి గట్టిపడ్డాక నీళ్లకూ, థిన్నర్‌కూ, వేడికీ అంత తేలిగ్గా లొంగదు. ప్లైవుడ్ ఫ్యాక్టరీల్లో ఈ జిగురులో గోధుమపిండి లాంటివి కలుపుతారు. ఖర్చు తగ్గడం ఒక కారణం, చిక్కదనం పెరిగి పొర దాటి పైకి రాకుండా ఉండటం రెండోది. ఇక మూడో రకం మన పాత వడ్రంగులు వజ్రం అనో, సరేసు అనో పిలిచే జిగురు. పశువుల చర్మాల్నీ ఎముకల్నీ ఉడికించి తీసేది. గట్టిపడ్డాక కూడా వేడినీళ్లకు కరుగుతుంది కాబట్టి పైకొచ్చిన మచ్చను తడిగుడ్డతో తుడిచేయొచ్చు. పాత వయొలిన్లను నేటికీ దానితోనే అతికించి, దానితోనే విప్పుతున్నారు. కిట్ల కర్మాగారాల్లో అంత తీరిక ఎవరికుంది.

మన గాలి కూడా ఈ లెక్కలో ఉంది. మదనపల్లె నుంచి పలమనేరు దాకా ఉన్న నేల సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈ గాలికి ఆరోగ్యకరమన్న పేరుంది, క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం ఆస్పత్రి 1915లో వెలిసింది మదనపల్లె దగ్గరే. ఊపిరితిత్తులకు మేలు చేసే పొడిగాలి జిగురు పనికి మాత్రం అంత మంచిది కాదు. ఎండాకాలం మధ్యాహ్నం తెల్ల జిగురు పరిచి, పొర సర్ది, బిగింపులు వెతికేలోపే పైన తోలు కడుతుంది. అందుకని కొందరు నీళ్లు కలిపి పలచన చేస్తారు, కొందరు రెట్టింపు పోస్తారు. పలచన చేసినదీ, ఎక్కువైనదీ రెండూ పొర దాటి పైకొస్తాయి. గాలిలో తేమ 80 శాతం ఉన్నచోట చెక్క తన బరువులో 16 శాతం దాకా నీటిని పట్టి ఉంచుతుంది, 30 శాతం ఉన్నచోట ఆరు శాతానికి దిగిపోతుంది. సముద్రం మీద ప్రయాణించి వచ్చిన కిట్ గంగవరంలో వేసవిలో విప్పితే చెక్క కుంచించుకుంటుంది, రెండు పొరలు కలిసే నడిమి గీత దగ్గర చీలిక రావచ్చు. ఆ చీలికలో మళ్లీ జిగురు నింపి కొత్త మచ్చ తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. కాబట్టి వచ్చిన కిట్‌ను కొన్ని రోజులు ఇంటి గాలికి అలవాటు పడనిచ్చి అప్పుడు చేయి పెట్టడం మేలు.

మచ్చ ఏదో తెలుసుకోవడం

అన్ని మచ్చలూ ఒకటి కావు. జనం ఇచ్చే సలహాలు చాలావరకు ఈ తేడా చూడకుండా ఇచ్చేవే. ముఖమంతా చిలకరించినట్టు, చారల వెంట చిన్న చిన్న చుక్కలుగా ఉంటే అది కింది నుంచి పైకొచ్చిన జిగురు. గిటార్ నడిమధ్య, పైనుంచి కిందికి తిన్నగా ఒక పట్టీలా పాలిపోయి ఉంటే అది వెనీర్ టేపు తాలూకు బంక. పుస్తకం తెరిచినట్టు ఎదురెదురుగా పెట్టిన రెండు పొరలను అతికించేదాకా కదలకుండా ఉంచడానికి ఆ కాగితపు టేపు వేస్తారు, తర్వాత గీకేస్తారు, బంక కొంత మిగిలిపోతుంది. అంచు చుట్టూ ప్లాస్టిక్ బైండింగ్‌ను ఆనుకొని ఉంటే అది బైండింగ్ అతికించినప్పుడు పొంగిన జిగురు. వేలిముద్ర సంగతి చెప్పనక్కర్లేదు.

జిగురే కాని మచ్చలూ ఉన్నాయి. మేపుల్, బాస్‌వుడ్ రెండూ సహజంగానే రంగును సమంగా తాగవు. మేఘాల్లా, అంచుల్లేకుండా పరుచుకున్న హెచ్చుతగ్గులు చెక్క స్వభావం, స్పష్టమైన అంచున్నది జిగురు. నల్లటి చుక్క అయితే ఇనుప రజను తడి తగిలి చెక్కలోని టానిన్‌తో కలిసి నల్లబడ్డది, దానికి ఆక్సాలిక్ ఆమ్లం మందు. అది జిగురును ఏమీ చేయదు. ఇక ముఖం మొత్తం మీద ఎక్కడ నీటిబొట్టు వేసినా పూసలా నిలబడిందంటే మచ్చల గొడవే లేదు, ఫ్యాక్టరీలో ఎవరో సీలర్ కొట్టి పంపారు. చెక్క దేన్నీ తాగదు. ఆ సంగతి చెప్పకుండా అమ్మే కిట్లున్నాయి.

రంగు వేయకముందే మచ్చ చూడటానికి రెండు ఉపాయాలున్నాయి. మొదటిది హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే టర్పెంటైన్. మినరల్ టర్పెంటైన్‌తో ముఖాన్ని తడిపి, ఏటవాలు వెలుతురులో చూస్తే మంచి చెక్క ముదురుగా తడుస్తుంది, జిగురున్న చోటు పాలిపోయి కనిపిస్తుంది. కాసేపటికి ఆరిపోతుంది, చెక్క నార లేవదు, జిగురు కదలదు. దానికి బదులు చేతికందిన ఎన్‌సీ థిన్నర్ వాడితే మాత్రం చిక్కే. అందులోని ద్రావకాలు తెల్ల జిగురును మెత్తబరిచి, ఒకచోటి మచ్చను చుట్టూ పులుముతాయి. రెండోది దుకాణాల్లో నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి. చీకటి గదిలో వేస్తే చాలా రకాల తెల్ల జిగుర్లు నీలి తెలుపుగా మెరుస్తాయి. అన్నీ మెరవవు కాబట్టి మెరవలేదని నిశ్చింతగా ఉండకూడదు. నన్నడిగితే టర్పెంటైన్ పరీక్షకే ఎక్కువ విలువిస్తాను.

ఈ పరీక్షను పెట్టె విప్పిన రోజునే చేయాలి. వస్తువులో లోపముంటే వెనక్కి తీసుకోనని విక్రేత అనడానికి వీల్లేదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. లోపమున్న వస్తువు మీద ఫిర్యాదుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. కానీ డై పడ్డాక అది లోపమా, మన చేతి తప్పా అని తేల్చేదెవరు? టర్పెంటైన్ తడిలో తీసిన ఫొటో ఒక ఆధారం. రంగు వేశాక తీసిన ఫొటో ఆధారంగా నిలవడం కష్టం. కొందరు అమ్మకందార్లు దీన్ని చెక్క సహజ లక్షణమంటారు. చెక్కలో ముడి సహజం, గీత సహజం, రంగు తేడా సహజం. జిగురు చెట్టుకు కాయదు.

మందుల జాబితా

ఇక వైద్యాలు. అందరూ ముందు చెప్పేది ఉప్పు కాగితం. నా దృష్టిలో ఎక్కువ కిట్లను పాడు చేసిందీ అదే. పైపైన పులుముకున్న బంకకు 240 నంబరు కాగితంతో, చెక్కముక్కకు చుట్టి, నారవాటంగా నాలుగు దెబ్బలు చాలు. కింది నుంచి పైకొచ్చిన జిగురు అలా కాదు, అది పొర మందమంతా నిండి ఉంది. ఎంత అరగదీసినా కింద ఇంకా ఉంటుంది. పొర అయిపోయాక దాని కింద ఉన్నదీ జిగురే. అంచుల దగ్గర, వంపుల దగ్గర పొర ముందే సన్నబడి ఉంటుంది కాబట్టి అక్కడ బాస్‌వుడ్ బయటపడటానికి ఎంతోసేపు పట్టదు. పొర చిరిగాక ఏ పారదర్శకమైన రంగూ దాన్ని కప్పలేదు. ఎలక్ట్రిక్ శాండర్ పట్టినవాళ్ల సంగతి సరేసరి. కాగితం కంటే అంచు తీర్చిన ఉక్కు రేకుతో గీకడం మేలు. అది ఎంత తీస్తోందో చేతికి తెలుస్తుంది, పొట్టు రూపంలో కళ్లకూ కనిపిస్తుంది.

తర్వాతిది వేడినీళ్లు, వెనిగర్. టేపు బంకకు ఇది దివ్యంగా పనిచేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డతో అద్ది, మెత్తబడ్డాక తుడిచేస్తే నడిమి పట్టీ పోతుంది. తెల్ల జిగురును వెనిగర్ మెత్తబరుస్తుంది, అసిటోన్ ఇంకా త్వరగా. కానీ పైనున్న జిగురును మెత్తబరిచే తడీ వేడీ పొరను పట్టి ఉంచిన కింది జిగురును మాత్రం వదిలేస్తాయా? అర మిల్లీమీటరు అడ్డం ఏపాటిది? తడి ఎక్కువైతే పొర ఉబ్బి బుడగలేస్తుంది. వేలితో తడితే బోలుగా మోగుతుంది. తెల్ల జిగురుకున్న మెత్తబడే గుణం వల్ల ఆ బుడగను గుడ్డ మీదుగా ఇస్త్రీపెట్టెతో ఒత్తి, చల్లారేదాకా బరువు పెట్టి కూర్చోబెట్టొచ్చు. యూరియా జిగురైతే ఇస్త్రీకి లొంగదు. అందుచేత ఈ వైద్యం టేపు మచ్చలకు సరే, అంచుల్లోని పొంగుకు జాగ్రత్తగా సరే, ముఖమంతా చల్లినట్టున్న చుక్కలకు వద్దు. అసిటోన్‌ను బైండింగ్ దరిదాపులకు తేకూడదు, చాలా రకాల ప్లాస్టిక్ బైండింగ్‌ను అది కరిగిస్తుంది.

మూడో దారిలో మచ్చను ముట్టుకోరు. చెక్కలోకి ఇంకే రంగు మానేసి, చెక్క మీద నిలిచే రంగు వేస్తారు. ముందు మైనం తీసిన పలుచటి లక్క పాలిష్‌నో, శాండింగ్ సీలర్‌నో ఒక పూత వేస్తే చెక్కకూ జిగురుకూ తేడా పోతుంది, రెండూ ఒకేలా మూసుకుపోతాయి. దాని మీద రంగు కలిపిన లాకర్‌ను గన్‌తో పలుచగా, పూత మీద పూతగా కొడతారు. చెక్క ఎక్కడ తాగింది, ఎక్కడ తాగలేదన్న ప్రశ్నే ఉండదు. చారల వెలుగునీడలు కొంత తగ్గుతాయి, ఒప్పుకోవాలి. డైతో వచ్చే లోతు దీనికి రాదు. కానీ మచ్చ లేని తొంభై వంతుల అందం, మచ్చ ఉన్న నూరు వంతుల అందం కంటే మేలని నేననుకుంటాను. ఏటికొప్పాక లక్క పనిలో ఉన్న సూత్రమే ఇది, తరిమెన బదులు కంప్రెసర్ గన్.

ఇది మన ఊళ్లలో జరగని పనేమీ కాదు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లెల్లో కార్లకూ బైకులకూ రంగు కొట్టే షెడ్లున్నాయి, ఫర్నిచర్‌కు పీయూ (పాలీయురెథేన్) పాలిష్ కొట్టే మేస్త్రీలున్నారు. గిటార్ ముఖం వాళ్లకు బైకు ట్యాంకు కంటే సులువైన పని. ఒక్కటే హెచ్చరిక. రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ, ఆటో క్లియర్ పూతల్లో ఐసోసయనేట్లుంటాయి, అవి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు వాటిని ఆపదు. మూసిన గదిలో అసలు కొట్టకూడదు. తగిన మాస్కు ఉన్న షెడ్డుకే పని అప్పగించాలి.

మచ్చలు అంచుల్లోనే ఎక్కువుంటే సన్‌బర్స్ట్ పనికొస్తుంది. నడుమ లేత రంగు, అంచుకు పోయేకొద్దీ ముదురు. బైండింగ్ జిగురు పొంగేదీ, పొర సన్నబడేదీ అంచుల్లోనే కాబట్టి అమ్మకానికొచ్చే ఎన్నో గిటార్ల మీద ఆ ముదురు అంచు అందంతో పాటు ఇంకో పని కూడా చేస్తూ ఉండాలి. ఒకటి రెండు మచ్చలే ఉంటే సీలర్ పూత మీద సన్నటి కుంచెతో పిగ్మెంట్ రంగు అద్ది చారల్లో కలిపేయొచ్చు. పాత వయొలిన్లు బాగుచేసేవాళ్లు చేసేది ఇదే. దీనికి ఓపిక, మంచి వెలుతురు, రంగు కలపడంలో నేర్పు కావాలి. ఇదివరకు సైన్‌బోర్డులు రాసిన చిత్రకారులెవరైనా ఊళ్లో ఉంటే వాళ్లకు చూపించడం తెలివైన పని.

పిగ్మెంట్ స్టెయిన్, జెల్ స్టెయిన్ గురించి రెండు మాటలు చాలు. డై కంటే ఇవి మచ్చను బాగా కప్పుతాయి, ఎందుకంటే రంగు రేణువులు పైనే నిలుస్తాయి. కానీ చారల మేపుల్ మీద బురదగా కనిపిస్తాయి. సాదా చెక్కకైతే సరే.

పూర్తిగా కప్పేసే రంగును ఓటమిగా చూసే అలవాటొకటి ఉంది. అది నాకు అర్థం కాదు. ముఖం నిండా చుక్కలున్న కిట్‌కు కొండపల్లి దారే సరైన దారి. తెల్లటి ప్రైమర్, దాని మీద ఇష్టమైన రంగు, పైన క్లియర్. ఫెండర్ కంపెనీ కూడా కార్లకు వాడిన రంగులనే తన గిటార్ల మీద కొట్టి అమ్మింది. స్వరం సంగతంటారా, మొద్దు లోపల కంపించే కుహరం లేని ఎలక్ట్రిక్ గిటార్‌లో అర మిల్లీమీటరు పొర రంగు మారితే వినేవాడికి తేడా ఉండదు. పికప్, తీగలు, మెడ బిగింపు, వంతెన ఎత్తు, ఇవి చూసుకోవాలి.

ఫింగర్‌బోర్డు మీద మాత్రం ఏ రంగూ పులమకూడదు. ఇదివరకు అక్కడ ఎక్కువగా జిట్రేగి వాడేవారు. 2017 జనవరి 2 నుంచి ఆ జాతి చెక్కలన్నిటి మీదా అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షలు వచ్చాయి. తయారైన వాద్యాలకు 2019 నవంబరు 26 నుంచి మినహాయింపు ఇచ్చినా, ఆలోపే చాలా కంపెనీలు వేరే చెక్కలకు మారిపోయాయి. ఇండియన్ లారెల్ పేరుతో అమ్మేది అలాంటిదే, అది మన అడవుల్లోని నల్లమద్ది. దాని మీద జిగురు మచ్చ పడితే రంగుతో పని లేదు, ఉక్కు రేకుతో గీకి నూనె పట్టిస్తే చాలు, అది పొర కాదు కాబట్టి.

మిగిలిన దారి పాత పొర తీసేసి కొత్త పొర వేసుకోవడం. తెల్ల జిగురుతో అతికించినదైతే ఇస్త్రీపెట్టె వేడితో, పలుచటి కత్తితో నెమ్మదిగా లేస్తుంది. బెంగళూరులో వెనీర్ అమ్మే దుకాణాలకు కొదవ లేదు, టేకు పొరో సిల్వర్ ఓక్ పొరో తెచ్చుకుంటే తెల్ల మేపుల్ మీద నీలం వేయాలన్న బాధే ఉండదు, చెక్క తన రంగుతోనే బాగుంటుంది. అతికించేటప్పుడు జిగురును పలచన చేయకుండా, రోలర్‌తో మొద్దుకు మాత్రమే సమంగా పరచాలి, పొరకు పూయకూడదు. జిగురులోనే చెక్క రంగు పొడి కొంచెం కలిపితే పైకొచ్చినా పాలిపోయి కనపడదు. పొర మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద దళసరి ప్లై, చుట్టూ బిగింపులు వేసి రాత్రంతా వదిలేయాలి. మైకాకు వాడే రబ్బరు జిగురుతో పొర వేయడం వద్దు, పైన కొట్టే లాకర్‌లోని థిన్నర్ పలుచటి పొరలోంచి దిగి దాన్ని వదులు చేస్తుంది. ఈ పని వేసవి మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే, ఫ్యాన్ ఆపి చేసుకుంటే జిగురు తోలు కట్టేలోపు బిగింపులన్నీ పడతాయి.